సువర్ణభూమిలో దిగాక హోటల్ దాకా: బ్యాంకాక్ గురించి మనవాళ్ల అపోహలు, అసలు సంగతులు

టూర్ మేనేజర్‌గా బ్యాంకాక్‌కి ఎన్నిసార్లు వెళ్లొచ్చానో లెక్కపెట్టడం మానేసి చాలా కాలమైంది. గ్రూపులో వచ్చేవాళ్లతో బాధ లేదు, జెండా పట్టుకుని నేను ముందు నడిస్తే వెనకాలే వచ్చేస్తారు. సొంతంగా టికెట్ తీసుకుని వెళ్లేవాళ్లే ప్రయాణం ముందురోజు రాత్రి ఫోన్ చేస్తారు. "అన్నా, అక్కడ టాక్సీవాళ్లు బాగా మోసం చేస్తారంట కదా?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. ఏ ఎయిర్‌పోర్టులో దిగుతున్నారని నేను అడిగితే "బ్యాంకాక్ ఎయిర్‌పోర్టేనన్నా" అంటారు. తిరకాసంతా అక్కడే మొదలవుతుంది. డ్రైవర్ చేతిలో పోయే డబ్బు కన్నా, మన సగం సగం సమాచారం వల్ల పోయేదే ఎక్కువ. నేను చూసినంతలో నా లెక్క ఇదీ.

అపోహ: బ్యాంకాక్‌లో ఉన్నది ఒక్కటే ఎయిర్‌పోర్టు

రెండున్నాయి. నగరానికి తూర్పున 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్దది సువర్ణభూమి, 2006 సెప్టెంబర్ 28న తెరిచారు. ఉత్తరాన ఉన్న పాతది డాన్ మువాంగ్, అక్కడ 1914 నుంచీ విమానాలు దిగుతున్నాయి. సువర్ణభూమి తెరిచాక దాన్ని పక్కన పెట్టేసి, మరుసటి ఏడాదే మళ్లీ వాడకంలోకి తెచ్చారు. ఇప్పుడు చవక విమానాలకు అదే అడ్డా. టికెట్ మీద బీకేకే అని ఉంటే సువర్ణభూమి, డీఎంకే అని ఉంటే డాన్ మువాంగ్. డీఎంకే అనగానే మనకు చెన్నై రాజకీయాలు గుర్తొస్తాయి, అలాగే గుర్తుపెట్టుకోండి, ఇక మరిచిపోరు. (డాన్ మువాంగ్‌లో రెండు రన్‌వేల మధ్య గోల్ఫ్ కోర్సు ఉంటుంది. దిగేటప్పుడు కిటికీలోంచి చూడండి, బంతి కొట్టేవాళ్లు కనపడతారు.)

గుంటూరు నుంచి వెళ్లిన ఒక కుటుంబం ఆన్‌లైన్‌లో పికప్ కారు బుక్ చేసుకుంది. బుకింగులో ఎయిర్‌పోర్టు పేరు అడిగిన చోట ముందు కనపడిన సువర్ణభూమిని నొక్కేశారు. దిగిందేమో డాన్ మువాంగ్‌లో. డ్రైవర్ అక్కడ పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు, వీళ్లు ఇక్కడ గంటన్నర వెతికారు. రెండింటికీ మధ్య రోడ్డు మీద నలభై కిలోమీటర్ల పైమాటే. కట్టిన డబ్బు వెనక్కి రాలేదు, కొత్తగా టాక్సీ మాట్లాడుకున్నారు. అందులో మోసం ఏమీ లేదు, ఎవరినీ తిట్టడానికీ లేదు.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య ఉచిత బస్సు ఉంది గానీ, అదే రోజు అవతలి ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కాల్సిన విమానం టికెట్ చూపించినవాళ్లకే. "ఫ్రీ బస్సెక్కి అటు పోయి అక్కడి నుంచి హోటల్‌కి వెళ్తాం" అనుకుంటే కుదరదు.

ఇంకో చిన్న విషయం. పేరు రాసి ఉన్నది సువర్ణభూమే, మనం పలికేదీ సంస్కృతం లెక్కన సరైనదే. కానీ థాయ్ వాళ్ల నోట్లో అది "సువన్నఫూమ్". తిరుగు ప్రయాణంలో డ్రైవర్‌కి "సువర్ణభూమి" అని ఎంత స్పష్టంగా చెప్పినా తెల్లమొహం వేస్తాడు. సువన్నఫూమ్ అనండి, వెంటనే తలూపుతాడు.

అపోహ: టాక్సీవాళ్లంతా దోచుకుంటారు

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరి భయమూ ఇదే.

ముందు అంతస్తులు తెలియాలి. సువర్ణభూమిలో ఇమిగ్రేషన్, లగేజీ అయ్యాక మీరు బయటికొచ్చేది రెండో అంతస్తులోకి. డ్రైవర్లు పేర్ల అట్టలు పట్టుకుని నిలబడేదీ, "టాక్సీ సార్, టాక్సీ, వేర్ యూ గో" అంటూ మీ ట్రాలీ వెంట పడేవాళ్లు తిరిగేదీ ఇక్కడే. అసలు మీటర్ టాక్సీల వరస ఇక్కడ లేదు, ఒక అంతస్తు కింద ఉంది. రెండో అంతస్తులో ఎవరితోనూ మాట్లాడకుండా ఒకటో అంతస్తుకు దిగిపోతే మీ భయాల్లో ముప్పావు వంతు అక్కడే తీరిపోతుంది. పైన సూటు వేసుకున్న అమ్మాయిలు కూర్చునే లిమోజిన్ కౌంటర్లు మోసం కాదు, అధికారికమైనవే, కానీ మామూలు టాక్సీకి మూడింతలు అవుతుంది. తెలిసి ఎక్కితే తప్పులేదు. టాక్సీ అనుకుని ఎక్కినవాళ్లే తర్వాత నాకు ఫోన్ చేసి ఏడుస్తారు.

ఒకటో అంతస్తులో గాజు తలుపులు దాటి బయటికి రాగానే టచ్ స్క్రీన్ ఉన్న యంత్రాలు వరసగా ఉంటాయి. మామూలు టాక్సీ, పెద్ద బండి, దగ్గరి దూరం అని మూడు రకాల వరసలు. మీకు కావలసినది నొక్కితే చిన్న కాగితం వస్తుంది, దాని మీద ఒక నంబరు. ఆ నంబరున్న గడి దగ్గర మీ బండి నిలబడి ఉంటుంది. ఆ కాగితంలో డ్రైవర్ వివరాలు, ఫిర్యాదు చేసే దారి ఉంటాయి. కొందరు డ్రైవర్లు "గివ్ మీ, గివ్ మీ" అని చెయ్యి చాపుతారు. ఇవ్వకండి, జేబులో పెట్టుకోండి. హోటల్ చేరేదాకా అదే మీ ధీమా.

ఇక డబ్బు లెక్క. మామూలు కారుకి మీటరు 35 బాత్‌తో మొదలవుతుంది. మీటరు మీద ఎయిర్‌పోర్టు సర్‌చార్జి 50 బాత్ అదనం, ఇది మోసం కాదు, నియమం. ఎక్స్‌ప్రెస్ వే ఎక్కితే టోల్ మీదే, హోటళ్లు ఎక్కువగా ఉండే సుకుంవిత్ రోడ్డు వైపు వెళ్లే దారిలో రెండు బూత్‌లు కలిపి మామూలుగా 75 బాత్ అవుతుంది. బూత్ దగ్గర డ్రైవర్ వెనక్కి తిరిగి చెయ్యి చాపుతాడు, అక్కడికక్కడ చిల్లర ఇవ్వాలి. "మీటరు వేసుకుని మళ్లీ డబ్బులు అడుగుతాడేంటి" అని గొడవ పెట్టుకునే మావాళ్లు చాలామంది. అన్నీ కలిపి అసోక్, నానా ప్రాంతాలకి 350 నుంచి 450 బాత్‌లో అయిపోతుంది. బాత్ అంటే మన రెండున్నర రూపాయల పైమాట, కాబట్టి వెయ్యి రూపాయల చుట్టుపక్కల. శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి క్యాబ్ ఎక్కినవాళ్లకి ఈ లెక్క కొత్తేమీ కాదు.

డ్రైవర్లు అసలు తేడా చేయరా అంటే, చేస్తారు. కారెక్కి తలుపు వేయగానే "ఫైవ్ హండ్రెడ్, నో మీటర్" అనేవాళ్లు ఉంటారు, తెల్లవారుజామున మరీ ఎక్కువ. "మీటర్, ఖాప్" అని నవ్వుతూ అనండి, ఖాప్ అంటే మన "అండీ" లాంటి మర్యాద మాట. ఆడవాళ్లయితే "మీటర్, ఖా". వేయకపోతే దిగిపోయి ఇంకో కాగితం తీసుకోవచ్చు, బండి కదలకముందే దిగాలి. గొంతు పెంచకండి. అక్కడ అరిచినవాడిదే తప్పని చూస్తారు, మన బస్టాండ్ల దగ్గరి పద్ధతి పనిచేయదు. మరీ ఇబ్బందైతే టూరిస్ట్ పోలీసు నంబరు 1155, ఇంగ్లిష్‌లో మాట్లాడతారు.

దీనికి తోడు ఇంకో చిట్కా మనవాళ్లలో ప్రచారంలో ఉంది. నాలుగో అంతస్తుకి, అంటే డిపార్చర్స్‌కి ఎక్కితే, జనాన్ని దించి ఖాళీగా తిరిగిపోయే టాక్సీ దొరుకుతుందనీ, సర్‌చార్జి మిగులుతుందనీ. అక్కడ ఎక్కించుకోవడానికి సెక్యూరిటీవాళ్లు ఒప్పుకోరు. వాళ్ల కన్నుగప్పి ఆపినవాడు మీటరు వేయడు, చేతిలో కాగితమూ ఉండదు. యాభై బాత్ మిగుల్చుకోబోయి రెండొందలు వదిలించుకున్నవాళ్లని నేనెరుగుదును.

అపోహ: నలుగురం ఒకే టాక్సీలో సర్దుకుంటాం

మనుషులు సర్దుకుంటారు, పెట్టెలు సర్దుకోవు. బ్యాంకాక్ టాక్సీల్లో చాలావరకు గ్యాసుతో నడిచేవే. డిక్కీ తెరిస్తే వెనకాల గోడకు ఆనించి పెద్ద సిలిండర్ కూర్చుని ఉంటుంది. మిగిలిన చోటులో రెండు పెద్ద సూట్‌కేసులు పడితే గొప్ప. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ సూట్‌కేసులో కరెంటు రైస్ కుక్కర్, ఐదు కేజీల సోనామసూరి, రెండు పచ్చడి సీసాలు. డ్రైవర్ దాన్ని ఎత్తబోయి, ఒకసారి కిందపెట్టి నడుము పట్టుకుని, నా వంక చూసి నవ్వాడు. ఆఖరికి ఆ పెట్టె ముందు సీట్లో, పెద్దాయన వెనక ఇరుక్కుని కూర్చున్నారు. ముగ్గురు దాటినా, ఒక్కొక్కరికి ఒక్కో పెద్ద పెట్టె ఉన్నా యంత్రం దగ్గర పెద్ద బండి వరస నొక్కండి. ఇన్నోవా లాంటివి వస్తాయి, మీటరు కాస్త ఎక్కువ తిరుగుతుంది, అంతే.

అపోహ: ఊబర్ ఉంది కదా, ఫోన్‌లో నొక్కితే సరి

లేదు. 2018లోనే ఊబర్ ఆగ్నేయాసియా వ్యాపారాన్ని గ్రాబ్‌కి అమ్మేసి వెళ్లిపోయింది. అక్కడ నడిచేవి గ్రాబ్, బోల్ట్. ఇవి వాడుకోవచ్చు, రేటు ముందే తెలుస్తుంది, చిరునామా నోటితో చెప్పే పని ఉండదు. కాకపోతే రద్దీ వేళ గ్రాబ్ రేటు మీటర్ టాక్సీని దాటిపోతుంది, చూసుకుని నొక్కండి.

చిక్కంతా ఓటీపీతో. అక్కడ దిగి థాయ్ సిమ్ వేసుకుని, యాప్ దించుకుని, రిజిస్టర్ అవబోతే బ్యాంకు ఓటీపీ మన ఇండియా నంబరుకి వస్తుంది. ఆ సిమ్ పర్సులో ఉంటుంది. ట్రాలీ పక్కన నిలబడి పిన్నుతో సిమ్ ట్రే ఊడదీసుకునేవాళ్లని ప్రతి ట్రిప్పులో చూస్తాను. యాప్, కార్డు రెండూ ఇంటి దగ్గరే, విమానం ఎక్కకముందే జతచేసుకోండి.

అపోహ: ట్రైన్ ఎప్పుడైనా చవకే, టాక్సీ దండగ

ఇది ఎంతమంది, ఎన్ని గంటలకు, ఎక్కడికి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ 2010లో మొదలైంది. టెర్మినల్ కింద బేస్‌మెంట్‌లో స్టేషన్. మొత్తం ఎనిమిది స్టేషన్లు, చివరిది ఫయా థాయ్, అక్కడికి అరగంట లోపే. టికెట్ 15 నుంచి 45 బాత్. పొద్దున ఐదున్నర ప్రాంతంలో మొదలై అర్ధరాత్రి దాకా నడుస్తుంది. ఆగకుండా నేరుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్ రైలు ఒకటుండేది, దాన్ని ఆపేసి చాలా ఏళ్లయింది. పాత వీడియోలు చూసి దాని కోసం వెతక్కండి.

ఒక్కరే, వీపున ఒక బ్యాగు ఉంటే ట్రైన్‌ని మించింది లేదు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది మధ్య మరీ. ఆ వేళల్లో సుకుంవిత్ రోడ్డు మన అమీర్‌పేటకి అన్న. టాక్సీ ఆగి ఉన్నా మీటరు నిమిషాల లెక్కన తిరుగుతూనే ఉంటుంది.

అదే నలుగురైతే? ఫయా థాయ్‌కి తలా 45, మొత్తం 180. అక్కడ దిగి స్కైట్రైన్, అంటే నగరంలో వంతెనల మీద నడిచే రైలు ఎక్కాలి, దానికి వేరే టికెట్. స్కైట్రైన్ దిగాక హోటల్ దాకా పెట్టెలు లాక్కుంటూ ఎండలో నడవాలి, లేదా మళ్లీ టాక్సీ. అన్నీ కలిపితే టాక్సీకీ దీనికీ తేడా వందో, నూటయాభయ్యో బాత్. రాత్రంతా నిద్రలేని పిల్లలతో ఆ వంద కోసం ఎస్కలేటర్లు ఎక్కి దిగమని నేను ఎవరికీ చెప్పను.

అసోక్ చుట్టుపక్కల హోటల్ అయితే ఫయా థాయ్ దాకా పోనక్కర్లేదు. మక్కసాన్‌లో దిగి, నడక వంతెన మీదుగా ఫెచ్చబురి మెట్రో స్టేషన్‌కి వెళ్తే, తర్వాతి స్టేషనే సుకుంవిత్. మ్యాపు యాప్‌లు ఒక్కోసారి మిమ్మల్ని ఫయా థాయ్ చుట్టూ తిప్పి తెస్తాయి.

డాన్ మువాంగ్‌లో దిగినవాళ్లకి ఈ రైల్ లింక్ లేదు. అక్కడ 2021లో వచ్చిన ఎర్ర లైను రైలుంది, బాంగ్ స్యూలోని పెద్ద స్టేషన్‌కి తీసుకెళ్తుంది, అక్కడి నుంచి మెట్రో. లేదంటే ఏ1 బస్సు, 30 బాత్‌కి మో చిత్ స్కైట్రైన్ దగ్గర దించుతుంది. టాక్సీ అయితే అక్కడ టోల్ ఎక్కువ, రెండు బూత్‌లు కలిపి వంద దాటొచ్చు. డ్రైవర్ టోల్ రోడ్డు వద్దా అని అడిగితే తెల్లవారుజామున వద్దనొచ్చు, కింది రోడ్డు ఖాళీగానే ఉంటుంది.

అపోహ: ఎయిర్‌పోర్టులో డబ్బు మార్చకూడదు

అన్ని ఎయిర్‌పోర్టులకీ ఇది నిజమేమో గానీ, సువర్ణభూమి బేస్‌మెంట్‌కి కాదు. రెండో అంతస్తులో లగేజీ దాటగానే కనపడే బ్యాంకు కౌంటర్లకీ, రైల్ లింక్ స్టేషన్ పక్కన ఉన్న సూపర్‌రిచ్ లాంటి డబ్బు మార్చే ప్రైవేటు కౌంటర్లకీ రేటులో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కింద ఇచ్చేది దాదాపు ఊళ్లో రేటే. వంద డాలర్ల నోట్లకి చిన్న నోట్లకన్నా మంచి రేటు, చిరిగినవీ గీతలు రాసినవీ వెనక్కి నెట్టేస్తారు. ఏటీఎంలో తీస్తే విదేశీ కార్డు మీద ప్రతిసారీ 220 బాత్ లేదా ఇంకాస్త ఫీజు, కాబట్టి వెయ్యి వెయ్యి చొప్పున తీయకండి. "మీ దేశపు కరెన్సీలో లెక్కకట్టమంటారా" అని ఏటీఎం అడిగితే వద్దనండి, ఆ లెక్కలో ఇంకొంచెం పోతుంది.

డబ్బు మార్చినప్పుడే వందలూ, ఇరవైలూ అడిగి తీసుకోండి. వెయ్యి బాత్ నోటు ఇస్తే డ్రైవర్ "నో చేంజ్" అంటాడు. కొందరికి నిజంగానే ఉండదు, కొందరికి ఉండనట్టు ఉంటుంది.

అపోహ: హోటల్ పేరు చెబితే డ్రైవర్ తీసుకెళ్తాడు

పెద్ద హోటళ్లయితే సరే. మనం దిగేవి పెద్దవి కావుగా. ఒకే పేరున్న హోటల్‌కి నగరంలో నాలుగైదు శాఖలుంటాయి, పేరు చివర ఉన్న "సుకుంవిత్ 11", "సుకుంవిత్ 22" లాంటి తోక మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఆ అంకె సోయ్ నంబరు. సోయ్ అంటే పెద్ద రోడ్డు నుంచి చీలే సందు. సుకుంవిత్‌కి ఒక పక్కన అన్నీ బేసి సంఖ్యలు, అవతలి పక్కన సరి సంఖ్యలు. కానీ రెండు పక్కలా అంకెలు జతగా నడవవు, బేసి పక్కన సందులు ఎక్కువ కావడంతో అది ముందుకు పరిగెడుతుంది. థాంగ్లో అని పిలిచే సోయ్ 55కి ఎదురుగా ఉండేది సోయ్ 38.

నా మొదటి ట్రిప్పులో నేను చేసిన ఘనకార్యం ఇదే. హోటల్ సోయ్ 38లో. టాక్సీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది, పక్కన బోర్డు చూస్తే సోయ్ 37. "ఎదురుగానే ఉంటుందిలే" అని డబ్బిచ్చేసి దిగిపోయాను. తర్వాత స్కైట్రైన్ స్టేషన్ ఒకటి దాటి మరీ నడిచాను, రెండు పెట్టెలతో, ఏప్రిల్ ఎండలో.

చేయాల్సింది సులువే. బుకింగ్ కాగానే హోటల్ వాళ్లకి మెసేజ్ పెట్టి, చిరునామా థాయ్ లిపిలో పంపమనండి, ఫోన్ నంబరుతో సహా. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. డ్రైవర్‌కి ఇంగ్లిష్ అక్షరాలు చూపిస్తే కళ్లు చికిలించి, అర్థం కాకపోయినా "ఓకే ఓకే" అంటాడు. థాయ్‌లో చూపిస్తే తల పంకిస్తాడు, లేదా హోటల్‌కి తనే ఫోన్ చేసి మాట్లాడతాడు. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్లేవాళ్లంతా డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, దిగడానికి మూడు రోజుల లోపు. అందులోనూ ఈ చిరునామా అడుగుతారు, కాబట్టి ఎలాగూ చేతిలో ఉండాల్సిందే. ఆ కార్డుకి రుసుము లేదు. డబ్బులు అడిగే సైటు కనపడితే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి.

అపోహ: పట్టాయా వెళ్లాలన్నా ముందు బ్యాంకాక్‌లోకి వెళ్లాలి

మనవాళ్లలో సగంమంది ప్లాను మొదట రెండు రాత్రులు పట్టాయా. పట్టాయా సువర్ణభూమికి ఆగ్నేయంగా ఉంది. నగరంలోకి వెళ్లి అక్కడి బస్టాండ్‌లో బస్సెక్కితే వచ్చిన దారినే ఎయిర్‌పోర్టు పక్కనుంచి మళ్లీ పోవాలి. ఎయిర్‌పోర్టు ఒకటో అంతస్తులో ఎనిమిదో గేటు దగ్గరే పట్టాయా బస్సు కౌంటర్ ఉంది. ఏసీ బస్సు, టికెట్ 150 బాత్ లోపు, సుమారు రెండు గంటలు. పగటిపూట దాదాపు గంటకొకటి. మొదటి బస్సు ఏడింటి ప్రాంతంలో. పక్కనే ఎయిర్‌పోర్టు ఉద్యోగులు తినే చవక ఫుడ్ కోర్టు ఉంది, పైన రెస్టారెంట్లలో పెట్టే డబ్బులో మూడోవంతుకి కడుపు నిండుతుంది. శాకాహారులు మాత్రం అడిగి తినండి, కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ వేస్తారు.

అపోహ: పొద్దున్నే దిగితే పొద్దున్నే గదిలో పడుకోవచ్చు

హైదరాబాద్‌లో రాత్రి బయల్దేరే విమానాలు అక్కడ తెల్లారగట్ల దిగుతాయి. గడియారం మనకన్నా గంటన్నర ముందు. మీ ఒంటికి నాలుగున్నర, అక్కడ ఆరు. హోటల్ చెక్ ఇన్ మధ్యాహ్నం రెండుకి. "ఖాళీగా ఉంటే ఇవ్వొచ్చు కదా" అని రిసెప్షన్‌లో బతిమాలేవాళ్లని చూశాను, ఖాళీ ఉంటే ఒక్కోసారి ఇస్తారు, ఎక్కువసార్లు ఉండదు. అందుకే తెల్లవారుజామున దిగినవాళ్లు టాక్సీ కోసం పరుగెత్తాల్సిన అవసరమే లేదు. మొహం కడుక్కుని, కింద తిని, డబ్బు మార్చుకుని, రద్దీ తగ్గాక తొమ్మిదిన్నరకి బయల్దేరినా గది కన్నా ముందే చేరతారు. పెట్టెలు హోటల్‌లో ఉచితంగా దాస్తారు, చీటీ ఇస్తారు.

గది తాళం ఇచ్చే ముందు చాలా హోటళ్లు డిపాజిట్ అడుగుతాయి, తరచుగా వెయ్యి బాత్, నగదుగా. ఇది చూసి "మొత్తం ముందే కట్టేశాం కదా" అని కౌంటర్ దగ్గర వాదనకి దిగుతారు మనవాళ్లు. ఖాళీ చేసేటప్పుడు తిరిగిచ్చేస్తారు. రసీదు మాత్రం పాస్‌పోర్టులో పెట్టుకోండి. డ్యూటీ మారి వేరే అమ్మాయి కూర్చుని ఉంటే, ఆ కాగితం లేకుండా మీ వెయ్యి వెతకడానికి ఆమెకు అరగంట పడుతుంది, మీ ఎయిర్‌పోర్టు టాక్సీ బయట మీటరు వేసుకుని ఉంటుంది.